కొత్వాల్ రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి జీవితం, సేవలు, సంస్మరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

పాలమూరు గడ్డ మీద పుట్టి హైదరాబాద్ నగర పోలీసు యంత్రాంగానికి పద్నాలుగేళ్ల పాటు అధిపతిగా ఉన్న వెంకటరామారెడ్డి గారి జయంతినీ వర్ధంతినీ తమ ఊళ్లలో, బడుల్లో, గ్రంథాలయాల్లో జరుపుకోవాలనుకునే వారి కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ సిద్ధం చేశాము. పూలమాల వేసి, దీపం వెలిగించి, నాలుగు పొగడ్తల మాటలు చెప్పి ముగించే సభల కంటె, ఆయన తన అధికారాన్నీ పలుకుబడినీ దేనికోసం వెచ్చించారో తెలుసుకొని ఆ పనినే ఏదో ఒక మేరకు కొనసాగించే సభలు జరగాలన్నది మా కోరిక.

వెంకటరామారెడ్డి గారు ఎవరు?

1869 ఆగస్టు 22న వనపర్తి సంస్థానంలోని రాయణిపేట గ్రామంలో ఆయన జన్మించారు. చిన్న వయసులోనే నిజాం రాజ్య పోలీసు శాఖలో చేరి, జిల్లాల్లో వివిధ హోదాల్లో పనిచేసి, 1920లో హైదరాబాద్ నగర కొత్వాల్ అయ్యారు. 1934 వరకు ఆ పదవిలో ఉన్నారు. ఆసఫ్‌జాహీల పాలనలో కొత్వాల్ పదవి పొందిన తొలి హిందువు ఆయనే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆయనకు రాజా బహద్దూర్ బిరుదు ఇచ్చారు. బ్రిటిష్ ప్రభుత్వం ఓ.బి.ఇ. గౌరవం ఇచ్చింది. 1953 జనవరి 25న, 83 ఏళ్ల వయసులో కన్నుమూశారు. నిజాం రాజ్యం ఉచ్చస్థితినీ, 1948 సెప్టెంబరులో దాని ముగింపునూ, 1952 నాటి తొలి సార్వత్రిక ఎన్నికలనూ కూడా ఆయన కళ్లారా చూశారు.

పేరులో ‘రాజా’ ఉంది కదా, ఆయన వనపర్తి సంస్థానాధీశులా?

కాదు. అది నిజాం ప్రభువు ఇచ్చిన బిరుదు మాత్రమే. వనపర్తిని పాలించిన వంశం వేరు. ఈ పొరపాటు కరపత్రాల్లో, ఆహ్వానపత్రికల్లో చోటుచేసుకునే అవకాశం ఉంది కనుక అచ్చుకు పంపే ముందు ఒకసారి సరిచూసుకోవాలి.

ఇంకొక పొరపాటు అంతకంటె పెద్దది. వరంగల్ ప్రాంతానికి చెందిన పింగళి వెంకటరామారెడ్డి గారు 1947-48లో లాయక్ అలీ మంత్రివర్గంలో హైదరాబాద్ రాజ్యానికి ఉప ప్రధానమంత్రిగా ఉన్నారు. పేరు ఒకటే కావడం వల్ల ఆయన పదవిని కొత్వాల్ గారికి అంటగట్టే ప్రమాదం ఉంది. మన కొత్వాల్ గారు ఆ మంత్రివర్గం ఏర్పడడానికి పదమూడేళ్ల ముందే పోలీసు పదవి నుంచి విరమించారు. ఛాయాచిత్రాలు సేకరించేటప్పుడు కూడా ఇద్దరినీ వేరుగా గుర్తించడం అవసరం.

కొత్వాల్ అంటే ఇప్పటి లెక్కలో ఏ పదవి?

స్థూలంగా నగర పోలీసు కమిషనర్ అనుకోవచ్చు. అయితే ఆనాటి కొత్వాల్ చేతిలో ఉన్న బాధ్యత ఇంకా విస్తృతమైనది. జిల్లాల పోలీసు యంత్రాంగం వేరు, నగరానిది వేరు. రాజధాని నగరంలో శాంతిభద్రతలు, చోరీలు, పండుగల ఊరేగింపులు, ప్రముఖుల రాకపోకలు, బజారు వదంతులు అన్నీ కొత్వాల్ దృష్టికి రావలసిందే. నగర పరిస్థితిని గురించి నేరుగా నిజాంకు నివేదించే అధికారి ఆయన. ఒకే నెలలో మొహర్రం ఊరేగింపులూ హిందువుల పండుగలూ కలిసివచ్చే సంవత్సరాల్లో ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి రెండు వర్గాల పెద్దలతోనూ మాట చెల్లుబడి ఉండకపోతే ఒక్క రోజు గడవదు. ప్రభువు నమ్మకం ఒకవైపు, వీధిలో మనుషుల నమ్మకం ఇంకొకవైపు నిలబెట్టుకుంటూ పద్నాలుగేళ్లు ఆ పదవిలో కొనసాగడం సామాన్యమైన విషయం కాదు.

పల్లెటూరిలో పుట్టిన వ్యక్తి ఆ పదవి వరకు ఎలా చేరుకున్నారు?

కింది మెట్టు నుంచి ఎక్కుతూ వచ్చారు. తొలి ఉద్యోగం ముద్గల్ ఠాణాలో అమీన్. ఈనాటి మాటల్లో చెప్పాలంటే సబ్ ఇన్‌స్పెక్టర్. ముద్గల్ ఇప్పుడు కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో ఉంది. అప్పుడది నిజాం రాజ్యంలోదే. రాజ్యంలో తెలుగు, కన్నడ, మరాఠీ మాట్లాడే జిల్లాలు మూడూ ఉండగా కార్యాలయాల భాష ఉర్దూ. ఠాణా మెట్లెక్కే రైతు ఒక భాషలో తన గోడు చెప్పుకుంటే, అమీన్ దానిని మరొక భాషలో రాయాలి. ఆ రెంటి మధ్య ఎంత జారిపోతుందో, జారిపోకుండా చూడాలంటే ఎంత ఓపిక కావాలో గ్రామంలో పుట్టి పెరిగిన అధికారికి తెలిసినంతగా నగరంలో పుట్టినవారికి తెలియదని మేము అనుకుంటున్నాము.

తరువాత జిల్లా పోలీసు అధికారిగా, అంటే మొహతమీంగా పనిచేశారు. నవాబ్ ఇమాద్ జంగ్ నగర కొత్వాల్‌గా ఉన్న కాలంలో ఆయనకు సహాయకుడిగా హైదరాబాద్ వచ్చారు. 1920లో ఇమాద్ జంగ్ మరణించిన తర్వాత ఆ స్థానం వెంకటరామారెడ్డి గారికి దక్కింది. అప్పటికి ఆయన వయసు యాభై దాటింది. మామూలుగా ఉద్యోగులు విశ్రాంతి గురించి ఆలోచించే వయసులో ఆయన అసలు బాధ్యత మొదలైంది. విరమించే నాటికి అరవై అయిదేళ్లు. ఆ తర్వాత కూడా నిజాం ఆయనను వదులుకోలేదు. తన సొంత ఎస్టేటు అయిన సర్ఫ్-ఎ-ఖాస్ వ్యవహారాల్లో ఆయన సేవలు ఉపయోగించుకున్నారు.

పోలీసు అధికారిని చదువుల దాతగా ఎందుకు చెప్పుకుంటారు?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తేనే ఆయన జయంతికి అర్థం ఉంటుంది కనుక కొంచెం వివరంగా చెబుతాము.

ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో పాలమూరు, నల్లగొండ జిల్లాల పల్లెల్లో పుట్టిన పిల్లవాడికి వీధిబడి దాటితే చదువు లేదు. ఉన్నత పాఠశాల కావాలంటే పట్నం పోవాలి. అంటే రేకు పెట్టెలో రెండు జతల బట్టలు, చుట్టచుట్టిన పరుపు, అమ్మ కట్టిచ్చిన సద్ది మూటతో తండ్రి వెంట హైదరాబాదులో దిగిన ఆ పిల్లవాడికి ఎదురయ్యే మొదటి కష్టం పాఠం కాదు, పూట. ఎవరింట్లో ఉండాలి, ఎక్కడ తినాలి, జ్వరం వస్తే ఎవరు చూస్తారు? బంధువుల ఇల్లు ఉన్నవాడు నిలబడేవాడు. లేనివాడు పండుగకు ఊరికి పోయి తిరిగి వచ్చేవాడు కాదు.

1918లో, కొత్వాల్ పదవి చేపట్టడానికి రెండేళ్ల ముందే, వెంకటరామారెడ్డి గారు ముందు నిలబడి హైదరాబాదులో రెడ్డి హాస్టల్‌ను స్థాపించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టిన సంవత్సరం కూడా అదే. విశ్వవిద్యాలయం వచ్చినంత మాత్రాన పల్లె పిల్లలకు అది అందుబాటులోకి రాదని, నడుమ ఒక నీడ ఉండాలని గ్రహించిన దూరదృష్టి అది. సంస్థానాధీశులు, దేశ్‌ముఖులు, కలిగిన రైతులు ఇచ్చిన విరాళాలతో హాస్టల్ నిలబడింది. ఒక పెద్ద పోలీసు అధికారి చందా అడిగితే కాదనడం ఎవరికైనా కష్టమే. ఆ మొహమాటాన్ని, ఆ పలుకుబడిని ఆయన తన ఇంటికి వాడుకోకుండా పిల్లల కంచంలోకి మళ్లించారు. ఆయన గొప్పతనాన్ని మేము చూసేది ఇక్కడే.

హాస్టల్‌లో గ్రంథాలయం పెరిగింది. తెలుగు చదువుకు, తెలుగు సభలకు అది ఒక అడ్డాగా మారింది. గద్వాల సీమకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1920లలో ఆ హాస్టల్ నిర్వహణ బాధ్యతలు చూస్తూనే 1926 మే 10న గోలకొండ పత్రికను ప్రారంభించారు. ఉర్దూ రాజభాషగా ఉన్న నగరంలో ఒక తెలుగు పత్రిక పుట్టి నిలదొక్కుకోవడానికి కావలసిన అండ అందించిన వారిలో కొత్వాల్ గారు ఒకరు. ప్రతాపరెడ్డి గారే తర్వాత ఆయన జీవితచరిత్రను రాశారు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైనదీ ప్రతాపరెడ్డి గారే. ఇద్దరూ ఒకే సంవత్సరంలో, 1953లో, కొన్ని నెలల తేడాతో కాలం చేశారు.

హాస్టల్‌కు కులం పేరు ఉంది. అలాంటప్పుడు ఆయనను అందరివాడిగా ఎలా చెప్పుకోగలం?

ఈ ప్రశ్న న్యాయమైనదే. ఆ కాలంలో హైదరాబాదులో విద్యార్థి వసతి గృహాలు కులాల వారీగానే వచ్చాయి. ధనసేకరణ కులపెద్దల ద్వారా సాగేది కాబట్టి పేరు కూడా కులం మీదనే పడింది. తర్వాతి కాలంలో ఇతర కులాల వారూ ఇదే తీరులో నగరంలో హాస్టళ్లు పెట్టుకున్నారు. రెడ్డి హాస్టల్‌లో ఇతర కులాల విద్యార్థులు కూడా ఉండి చదువుకున్నారన్నది నిజం. అయినా పేరులోని కులం కులమే. అందులో చోటు దొరికిన వారిలో ఎక్కువమంది భూమి ఉన్న కుటుంబాల పిల్లలన్నదీ నిజం. దళితుల, చాకలి, మంగలి, గొల్ల కుటుంబాల పిల్లలకు ఆనాడు పట్నంలో అలాంటి నీడ దొరకలేదు.

అందుచేత మా సూచన ఒక్కటే. ఆయన జయంతిని కులసంఘం వేదిక మీద జరిపితే ఆయన కులసంఘ నాయకుడిగానే మిగిలిపోతారు. ప్రభుత్వ పాఠశాలలో, గురుకులంలో, సాంఘిక సంక్షేమ వసతి గృహంలో జరిపితే, చదువుకోవడానికి ఊరు విడిచివచ్చిన ప్రతి పిల్లవాడికీ ఆయన తమవాడు అవుతారు. ఈనాడు వసతి గృహాల్లో ఉండి చదువుకుంటున్న పిల్లలకు వసతి అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు.

ఆడపిల్లల చదువు విషయంలో ఆయన చేసిన పని ఏమిటి?

మాడపాటి హనుమంతరావు గారు నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో నడిపిన బాలికల పాఠశాలకు ఆయన గట్టి అండగా నిలిచారు. బాలికలకు వసతి గృహం ఏర్పాటు కావడంలోనూ ఆయన పాత్ర ఉంది. ఆడపిల్లను గడప దాటించి చదువుకు పంపడానికి తల్లిదండ్రులు జంకే రోజుల్లో, నగర కొత్వాల్ స్వయంగా ఆ సంస్థ వెనుక ఉన్నారంటే ఆ ధైర్యం వేరు. ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా ఆ ధైర్యం రాదు. ఆయన మరణానంతరం 1954లో నారాయణగూడలో ప్రారంభమైన మహిళా కళాశాలకు ఆయన పేరే పెట్టారు. మన జిల్లాల నుంచి వెళ్లి అక్కడ చదువుకున్న స్త్రీలు ఎందరో ఉన్నారు. మీ ఊరిలో అలాంటి వారు ఉంటే సభలో మొదట మాట్లాడవలసింది వారే.

నిజాం కొలువులో పోలీసు అధికారిగా ఉన్న వ్యక్తిని ఈనాడు స్మరించడం సబబేనా?

తెలంగాణలో, అందులోనూ నల్లగొండలో, ఈ ప్రశ్న రాకుండా ఉండదు. రాకూడదని మేము కోరుకోవడం లేదు. సాయుధ పోరాటంలో అయినవారిని పోగొట్టుకున్న ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. నిజాం పోలీసు అన్న మాట ఆ ఇళ్లలో ఎలా వినిపిస్తుందో తెలిసి మాట్లాడాలి.

ముందుగా కాలక్రమం సరిచూసుకోవాలి. వెంకటరామారెడ్డి గారు కొత్వాల్ పదవిని విడిచింది 1934లో. రజాకార్ల దౌర్జన్యాలు, పల్లెల మీద దాడులు 1946 తర్వాతివి. వాటితో ఆయన పదవికి సంబంధం లేదు. అయితే అంతటితో విషయం తేలిపోదు. బహిరంగ సభ పెట్టాలంటే ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన గస్తీ నిషాన్ 53 ఆయన పదవిలో ఉన్న కాలంలోనిదే. తెలుగువారు సాంస్కృతిక సభలు పెట్టుకోవడానికి కూడా ఆ ఉత్తర్వు అడ్డు తగిలింది. నగర పోలీసు యంత్రాంగానికి అధిపతి గనుక ఆ నీడ ఆయన మీదా పడుతుంది. ఆయన తిరుగుబాటుదారు కారు, ప్రభుభక్తి గల అధికారి. ఆ భక్తిని దాచిపెట్టి ఆయనను స్వాతంత్ర్య సమరయోధుడిగా చూపించే ప్రసంగాలు ఆయనకు మేలు చేయవు.

ఆ పరిమితుల్లో ఉంటూనే ఆయన వేసిన విత్తనం ఏమైందో చూడండి. భువనగిరి దగ్గరి బొల్లేపల్లికి చెందిన రావి నారాయణరెడ్డి గారు రెడ్డి హాస్టల్ విద్యార్థి. నిజాం రాజ్యంలోని తెలుగువారి సంస్థ అయిన ఆంధ్ర మహాసభ 1941లో చిలుకూరులో జరిపిన సభకు అధ్యక్షత వహించి, తర్వాత సాయుధ పోరాటానికి నాయకత్వం వహించి, 1952లో నల్లగొండ నుంచి లోక్‌సభకు పోటీచేసి దేశంలోనే అత్యధిక ఓట్లు పొందిన నాయకుడు ఆయన. నిజాం పోలీసు అధికారి చేతుల మీదుగా లేచిన హాస్టల్‌లో నిజాం పాలన మీద పోరాడిన నాయకుడు చదువుకున్నారు. పిల్లవాడికి పూట, పుస్తకం ఇచ్చి, అతడు ఏమి ఆలోచించాలో మాత్రం చెప్పకపోతే ఇలాంటిది సాధ్యమవుతుంది. ఈ ఒక్క ఉదాహరణ సభలో వివరంగా చెప్పగలిగితే చాలు, నల్లగొండ వారికి ఆయనతో ఏం సంబంధం అన్న ప్రశ్నకు కూడా జవాబు దొరికినట్లే.

జయంతి జరపాలా, వర్ధంతి జరపాలా?

రెండూ జరపవచ్చు. ఆచరణలో ఆగస్టు 22 అనుకూలమైనది. జనవరి 25 జాతీయ ఓటర్ల దినోత్సవం. బడుల్లో ఆ రోజు ప్రతిజ్ఞలు, ర్యాలీలు ఉంటాయి, మరునాటి గణతంత్ర దినోత్సవానికి రిహార్సళ్లు ఉంటాయి. పోలీసు సిబ్బంది కూడా పరేడ్ ఏర్పాట్లలో తలమునకలై ఉంటారు. ఆగస్టులో వాన భయం ఒక్కటే. ఆరుబయట షామియానా వేసే బదులు బడి హాలులోనో గ్రంథాలయంలోనో జరుపుకుంటే ఆ చిక్కు కూడా ఉండదు.

అక్టోబర్ 21న పోలీసు అమరవీరుల దినం నాడు ఆయనకు నివాళి అర్పించవచ్చా?

స్మరించడంలో తప్పు లేదు గాని, ఆ రోజు ఉద్దేశం వేరు. 1959 అక్టోబర్ 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా దళాల కాల్పుల్లో పదిమంది సి.ఆర్.పి.ఎఫ్. జవాన్లు ప్రాణాలు అర్పించారు. ఆ జ్ఞాపకార్థం దేశమంతటా విధినిర్వహణలో అసువులు బాసిన పోలీసులను ఆ రోజు తలచుకుంటారు. వెంకటరామారెడ్డి గారు నిండు జీవితం గడిపి సహజంగా కాలం చేసినవారు. ఆ దినాన్ని అమరుల కుటుంబాలకే విడిచిపెట్టడం మర్యాద.

మన ప్రాంతంలో ఆ రోజు తలచుకోవలసిన పోలీసు అధికారి వేరే ఉన్నారు. 1993 నవంబర్ 14న కొల్లాపూర్ సమీపంలోని సోమశిల వద్ద పీపుల్స్ వార్ నక్సలైట్లు పేల్చిన మందుపాతరకు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఎస్పీ పరదేశి నాయుడు గారు, ఆయనతో పాటు మరికొందరు పోలీసులు బలయ్యారు. కృష్ణ ఒడ్డున లలితా సోమేశ్వరుని దర్శనానికీ పడవ ప్రయాణానికీ ఈనాడు సోమశిలకు వెళ్లే యువకుల్లో చాలామందికి ఆ సంగతి తెలియదు. తెలియజెప్పడం పెద్దల బాధ్యత.

అక్టోబర్ 21న జిల్లా పోలీసు పరేడ్ మైదానంలో జరిగే కార్యక్రమానికి పిల్లలను తీసుకువెళ్లగలిగితే తప్పక తీసుకువెళ్లండి. ‘శోక్ శస్త్ర్’ అన్న ఆజ్ఞ వినగానే వరుసలో నిలబడిన జవాన్లు తుపాకులను తలకిందులు చేసి, గొట్టం నేలకు ఆనేలా పట్టుకొని, తలలు వంచుతారు. బిగుల్ మోగుతుంది. అంతకుముందు ఒక అధికారి గడచిన ఏడాదిలో దేశమంతటా ప్రాణాలు కోల్పోయిన పోలీసుల పేర్లు చదువుతారు. హోదా, పేరు, హోదా, పేరు అంటూ ఆ జాబితా చాలాసేపు సాగుతుంది. ముందు వరుస కుర్చీల్లో అమరుల భార్యలు, తల్లులు కూర్చొని ఉంటారు. పదవ తరగతి పిల్లలకు దానిని వివరించనక్కరలేదు. ఆ రోజుల్లోనే జరిగే ఓపెన్ హౌస్‌లో ఆయుధాలు, డాగ్ స్క్వాడ్, బాంబు నిర్వీర్య పరికరాలు దగ్గరగా చూసే అవకాశమూ ఉంటుంది.

జయంతి సభకు పోలీసు అధికారులను ఎలా ఆహ్వానించాలి? అనుమతులు ఏమైనా కావాలా?

జిల్లా ఎస్పీ కార్యాలయానికి కనీసం రెండు వారాల ముందు రాతపూర్వకంగా ఆహ్వానం పంపండి. అందులో తేదీ, స్థలం, సమయం, ఎంతమంది విద్యార్థులు వస్తారు, అధికారి దేని గురించి మాట్లాడాలని మీరు ఆశిస్తున్నారు అన్నవి స్పష్టంగా రాయండి. ఎస్పీ గారికి వీలుకాకపోతే స్థానిక డీఎస్పీ గారిని గాని, సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌ను గాని పంపమని అడగవచ్చు. మా అనుభవంలో పిల్లలను ఎక్కువగా ఆకట్టుకునేది పెద్ద హోదా గలవారి ప్రసంగం కంటె, తానూ ప్రభుత్వ వసతి గృహంలో ఉండి చదువుకున్నానని చెప్పే ఒక సబ్ ఇన్‌స్పెక్టర్ మాట. అలాంటి వారు ప్రతి సర్కిల్‌లోనూ ఉంటారు, అడిగి పిలిపించుకోండి.

నాలుగు గోడల మధ్య జరిగే బడి కార్యక్రమానికి ప్రధానోపాధ్యాయుల అనుమతి సరిపోతుంది. వీధిలో ఊరేగింపుకు, బయట మైకు పెట్టడానికి పోలీసు అనుమతి తీసుకోవాలి. రాత్రి పది గంటల తర్వాత ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడరాదన్న నిబంధన మామూలు సభలకు వర్తించినట్లే ఈ సభకూ వర్తిస్తుంది.

మా ఊరి చౌరస్తాలో విగ్రహం పెట్టాలని అనుకుంటున్నాము. వీలవుతుందా?

చౌరస్తాలో వద్దు. ప్రజల రహదారుల మీద, ఫుట్‌పాత్‌ల మీద, ఇతర ప్రజోపయోగ స్థలాల్లో కొత్తగా విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. చట్టాన్ని అమలుచేయడమే వృత్తిగా బతికిన అధికారి విగ్రహాన్ని ఆ ఆదేశానికి విరుద్ధంగా నిలబెట్టడం ఆయనకు గౌరవం కాదు. బడి, గ్రంథాలయం, కళాశాల ఆవరణలో అయితే ఆ స్థలం ఏ సంస్థదో ఆ సంస్థ రాతపూర్వక అనుమతితో పెట్టుకోవచ్చు.

అయినా విగ్రహానికి చందాలు పోగుచేయడం మొదలుపెట్టే ముందు ఒకసారి ఆలోచించమని మనస్ఫూర్తిగా కోరుతున్నాము. ఆ డబ్బుతో మీ మండలంలోని వసతి గృహంలో ఒక చదువుల గది బాగుచేయవచ్చు. కుర్చీలు, ట్యూబులైట్లు, పోటీ పరీక్షల పుస్తకాలు సమకూర్చవచ్చు. కానిస్టేబుల్, ఎస్ఐ నియామక పరీక్షలకు సిద్ధమయ్యే పల్లె యువతకు, ముఖ్యంగా అమ్మాయిలకు, పరుగు సాధన కోసం మైదానం చదును చేయించవచ్చు. గోడ మీద ఆయన పేరు, పుట్టిన ఊరు, రెండు తేదీలు రాయించండి. జీవితమంతా వసతులకు చందాలు అడిగిన మనిషి పేరు మీద వచ్చిన చందా వసతికే పోవాలన్నది మా గట్టి నమ్మకం.

పోలీస్ అకాడమీకి ఆయన పేరు ఉందని విన్నాము. అది ఎక్కడ ఉంది?

హైదరాబాద్ శివార్లలో హిమాయత్‌సాగర్ దగ్గర. 1986లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ అకాడమీగా మొదలైంది. తెలంగాణ ఏర్పడ్డాక రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పేరుతో తెలంగాణ పోలీస్ అకాడమీ అయింది. బస్సు కండక్టర్లూ ఆటోవాళ్లూ ఇప్పటికీ అక్కడి కూడలిని అప్పా (పాత ఆంధ్రప్రదేశ్ పోలీస్ అకాడమీకి ఇంగ్లిషు పొడి అక్షరాలు) జంక్షన్ అనే పిలుస్తారు కాబట్టి దారి అడిగేటప్పుడు ఆ పేరే చెప్పాలి. అది శిక్షణ సంస్థ. ముందస్తు అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం కుదరదు.

మా ఇంట్లో ఆ కాలపు ఉత్తరాలు, ఫొటోలు, హాస్టల్ కాగితాలు ఉన్నాయి. ఏం చేయాలి?

ముందుగా, వాటిని లామినేషన్ చేయించకండి. ఆ వేడికి, జిగురుకు పాత కాగితం శాశ్వతంగా పాడవుతుంది. సెల్లోటేపు కూడా అంటించవద్దు. పగటి వెలుతురులో ఒక్కొక్క కాగితం రెండు వైపులా ఫొటో తీసి, తెల్లకాగితం మడతల్లో పెట్టి, చెమ్మ తగలని చోట భద్రపరచండి. ఉర్దూలో ఉన్నవాటిని చదవలేకపోయినా పారవేయవద్దు. మీ ఊరి మసీదులోనో ఉర్దూ పాఠశాలలోనో చదివిపెట్టే పెద్దలు దొరుకుతారు. తేదీ నిజాం రాజ్య కార్యాలయాల్లో వాడిన ఫస్లీ సంవత్సరంలో ఉంటే దానికి 590 కలిపితే ఇంచుమించు క్రీస్తు శకం వస్తుంది. 1330 ఫస్లీ అంటే 1920 ప్రాంతం, ఆయన కొత్వాల్ అయిన కాలం. ఫొటో వెనుక పేర్లు రాయాలంటే పెన్ను కాకుండా మెత్తటి పెన్సిల్ వాడండి. ఆ పేర్లు చెప్పగల ముసలివారు ఇంట్లో ఉండగానే కూర్చోబెట్టి అడిగి రాసుకోండి. అసలు ప్రతులను మీ దగ్గరే ఉంచుకున్నా సరే, ఒక నకలు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖ సంస్థకు గాని, మీ జిల్లా కేంద్ర గ్రంథాలయానికి గాని ఇచ్చి రసీదు తీసుకోండి.